ఎడమ మోకాలు

"ఎడమ కాలేనా తల్లీ?"

బస్సు ఎక్కబోతున్న ఆడ్రా వెనక్కి తిరిగింది.

అమెరికా కాలేజీ అమ్మాయిల జాతీయ బాస్కెట్‌బాల్ టోర్నమెంటులో వాళ్ల జట్టు అప్పుడే మొదటి మ్యాచ్ గెలిచింది. బస్సు చుట్టూ జనం. అందరూ సంతకాలు అడుగుతుంటే, ఆకుపచ్చ కోటు వేసుకున్న ఒకావిడ మాత్రం ఆడ్రా కాళ్లకేసి చూస్తోంది. యాభై దాటి ఉంటాయి.

"ఏంటండీ?"

"ఆపరేషన్ అయింది ఎడమ మోకాలికేనా అని."

"అవును."

"నొప్పిగా ఉంటోందా?"

"లేదండీ."

నిజమే. నొప్పే కాదు, ఏదీ తెలియడం లేదు.

మోకాల్లో ఎముకల్ని పట్టి ఉంచే లిగమెంట్ మొదటిసారి తెగినప్పుడు వారం రోజులు ఏడ్చింది. పోయినేడు జనవరిలో రెండోసారి తెగినప్పుడు ఏడుపు రాలేదు. ఆ తర్వాత నవ్వూ రాలేదు. డాక్టరు ఆడొచ్చన్నాడు, ఆడుతోంది. బంతి చేతికొస్తే వేస్తోంది. అది పడితే చుట్టూ ఉన్నవాళ్లు అరుస్తున్నారు.

రెండో మ్యాచ్‌లోనూ ఆవిడ కనిపించింది. బెంచీ వెనక మూడో వరసలో.

"నీ అభిమాని మళ్లీ వచ్చిందే!" అంది పక్కన కూర్చున్న తోటి ప్లేయర్ షనీస్.

"అభిమాని కాదు. బంతి ఎటు పోయినా తల తిప్పదు. నా కాలే చూస్తుంది."

"బూట్ల కొట్టు పెడుతోందేమో!"

ఆడ్రా నవ్వలేదు.

తర్వాతి మ్యాచ్ కోసం స్పోకేన్ వెళ్లారు. దేశానికి ఆ కొస. అక్కడా అదే కోటు.

ఆ రోజు రెండో క్వార్టర్‌లో ఎవరో గుద్దుకుని ఆడ్రా కింద పడింది. బెంచీ మీదివాళ్లు లేచేలోపే జనంలోంచి ఓ కేక వినిపించింది. ఆవిడే. రెండు చేతులతో నోరు మూసుకుని నిలబడి ఉంది.

ఆడ్రా లేచి నిలబడ్డాకే ఆవిడ కూర్చుంది.

"ఇప్పుడర్థమైంది" అంది షనీస్. ఈసారి నవ్వడం లేదు. "నీ మీద పందెం కాసి ఉంటుంది. పోయిన నెల పందెంగాళ్ల దగ్గర్నుంచి నాకు ఫోన్‌లో ఎన్ని బూతు మెసేజ్‌లు వచ్చాయో తెలుసుగా? రెండు ఫ్రీ త్రోలు పోగొట్టానని! వీళ్లంతా అదే బాపతు."

"పోనీలే."

"పోనీలే ఏంటే? కోచ్‌కి చెప్పు."

ఆడ్రా చెప్పలేదు. చెప్పడానికీ ఓపిక ఉండాలి.

అరవై ఎనిమిది జట్లలో రెండు మిగిలాయి. నెబ్రాస్కాలో మొక్కజొన్న చేల మధ్య ఉన్న వాళ్ల చిన్న కాలేజీ ఫైనల్‌కి రావడం అదే మొదటిసారి. ఊళ్లో కొట్లన్నీ మూసేసి సగం మంది ఫైనల్ జరిగే టాంపా వచ్చారు.

మూడో క్వార్టర్ అయ్యేసరికి నాలుగు పాయింట్లు వెనకబడ్డారు. నీళ్ల సీసా అందుకుంటూ ఆడ్రా తలెత్తింది. ఆవిడ మరీ దగ్గర్లో, రెండో వరసలో ఉంది. కళ్లు మోకాలి మీదే.

"కోచ్, ఆవిణ్ణి అక్కణ్ణుంచి పంపించెయ్యండి."

"ఎవర్ని?" అంది కోచ్ ప్రూయిట్.

"ఆకుపచ్చ కోటు. మొదటి మ్యాచ్ నుంచీ నా వెంటే పడుతోంది."

కోచ్ వేలు చూపించింది. గార్డు వెళ్లాడు.

"మేడమ్, మీరు బయటికి రావాలి."

"టికెట్ ఉంది నాయనా."

"ప్లేయర్‌కి ఇబ్బందిగా ఉందట."

"ఆ పిల్లే అడిగిందా?"

గార్డు తలూపాడు.

"అయితే సరే" అంది ఆవిడ. వరసలో అందరి మోకాళ్లూ తప్పించుకుంటూ, ఒక్కొక్కరికీ 'సారీ' చెప్పుకుంటూ బయటికి నడిచింది.

ఆఖరి తొమ్మిది సెకన్లు. ఒక్క పాయింట్ వెనక. బంతి ఆడ్రా చేతికొచ్చింది. ఇద్దరి మధ్యలోంచి దూసుకుపోయి, ఎడమ కాలి మీద బరువంతా మోపి ఎగిరి బంతి వేసింది.

పడింది.

పైనుంచి రంగు కాగితాలు రాలాయి. నిచ్చెన తెచ్చారు. గెలిచినవాళ్ల ఆనవాయితీ ప్రకారం ఒక్కొక్కరూ ఎక్కి బుట్ట వలలో తలో ముక్క కత్తిరించుకుంటున్నారు. షనీస్ వెక్కి వెక్కి ఏడుస్తూ ఆడ్రాని కుదిపేసింది.

"ఇప్పుడైనా ఏడవ్వే రాయీ!"

"రావట్లేదు."

తన ముక్క తనూ కత్తిరించుకుని దిగింది.

నాలుగు రోజుల తర్వాత, మధ్యాహ్నం క్లాసుకు వెళ్తుంటే ఫోన్ మోగింది.

"ఆడ్రా గారేనా? నేను టిష్యూ బ్యాంకు నుంచండీ. మీకు మూడు మెయిళ్లు పంపాం."

"ఈమధ్య మెయిళ్లు చూడటం లేదండీ."

"లొరీన్ మస్కో గారు మిమ్మల్ని కలిశారా?"

"ఎవరు?"

"అదేంటి? ఒహాయో నుంచి మీ మ్యాచ్‌లన్నింటికీ వచ్చారే! ఎప్పుడూ ఆకుపచ్చ కోటు..."

ఆడ్రా నడక ఆగిపోయింది.

"కలిశాను. తనెవరో చెప్పలేదు."

"చెప్పరు. టోర్నమెంటు అయ్యేదాకా మీ మనసు చెదరగొట్టకూడదన్నారు. అయ్యాక కలుస్తానన్నారు. నిన్న ఫోన్ చేసి మాత్రం, ఇక వద్దు, ఆ అమ్మాయిని ఇబ్బంది పెట్టకండి, నా నంబరు తీసేయండి అన్నారు. కాలు బాగా పనిచేస్తోందట. అది చూశాను, చాలు అన్నారు. మీ మధ్య ఏమైనా జరిగిందేమోనని..."

"ఆవిడెవరండీ?"



"రెండోసారి మీ మోకాలికి చనిపోయినవాళ్ల లిగమెంట్ వేశారు కదండీ. అది ఇచ్చినవాళ్లతో పరిచయానికి అభ్యంతరం లేదని మీరప్పుడే సంతకం చేశారు. అది ఆవిడ కూతురిదండీ, పంతొమ్మిదేళ్ల పిల్ల."