ఆఖరి మొగ్గ

"మట్టి లేని చెట్టుకు సిగ్గుశరం యాడుంటాదిమే! నీళ్లు పోసేది నువ్వు, మొగం సూపిచ్చేది దావన పోయేటోళ్లకు!"

మంచం మీద నుంచే మద్దమ్మ తిట్లకు దిగింది. ఎదురుగా నాలుగడుగుల దూరంలో కిటికీ, కిటికీలో ఆర్కిడ్ కుండీ. పూలన్నీ వీధి వైపు తిరిగి విచ్చుకున్నాయి. గదిలోకి కనపడేది వాటి వీపులే.

కోడలు శిరీషకు నవ్వొచ్చింది. "వెలుతురు యాడుంటే ఆడికే తిరుగుతాయి అత్తా."

"అయితే కుండీని ఇటు తిప్పు."

"ఆఖరి మొగ్గ విచ్చుకునేదాకా తిప్పగూడదు. కాడ మెలితిరిగి మొగ్గ రాలిపోతుంది. రెండేండ్లు కాసుకున్నా, ఇంగ రెండు దినాలు ఓర్చుకో."

బొగ్గులు, కొబ్బరి పీచు నింపిన ఆ కుండీలో రెండేళ్లూ వచ్చింది ఆకులే. ఆదోని ఎండలకు అది బతకడమే గొప్ప. కాలు విరిగి అత్త కైరుప్పల నుంచి వచ్చాక, ఆ గదిలో ఎండ నేరుగా పడదని శిరీష కుండీని అక్కడికి మార్చింది. కింద తడి ఇసుక పళ్లెం పెట్టింది. రోజూ ఆకులు తుడవడం, అత్తకు తల దువ్వడం, దావన పోయేవాళ్ల మీద ఇద్దరూ ముచ్చట్లు పెట్టుకుని పడీపడీ నవ్వుకోవడం. నాలుగు నెలలు ఇట్టే గడిచిపోయాయి. ఎట్టకేలకు కాడ వచ్చింది, ఆరు మొగ్గలు తొడిగింది.

శిరీషకు ఒక్కటే బెంగ. వచ్చిన రోజే మద్దమ్మ చుట్టాలందరి ముందూ ఒట్టేసింది. "నడిసిన దినమే కైరుప్పల బస్సు ఎక్కుతా. కొడుకింట్లో కూసోని తినే మనిషిని కాదు నేను!" మాటంటే మాటే ఆమెకు. చిన్నప్పుడే తల్లిని పోగొట్టుకున్న శిరీషకు, అత్త వెళ్లిపోతే ఈ ఇంట్లో ఎట్లా ఉండాలో తెలియడం లేదు.

శిరీష భర్త రమేష్‌కు ఎమ్మిగనూరులో పని. వారమంతా ఇంట్లో ఉండేది అత్తాకోడళ్లే. శనివారం సాయంత్రం వస్తూనే అతను గది గుమ్మంలో ఆగిపోయాడు. ఆరు పూలూ మంచం వైపే చూస్తున్నాయి.

"అబ్బా, ఏమున్నాయి పూలు! కుండీ ఎవరు తిప్పినారు?"

శిరీష కుండీని చూసింది. అత్త దుప్పటి సర్దుకుంటోంది.

"నేనే తిప్పినా," అంది శిరీష.

రమేష్ తల్లి పక్కన కూర్చున్నాడు. "ఎముక అతుక్కుందని డాక్టరు చెప్పినాడు కదమ్మా. ఊర్లో ఇంటికి సున్నం కూడా కొట్టించినా. లేసి రెండడుగులు వెయ్యి సూద్దాం."

"యాడప్పా! కాలు కింద పెడితే పానం పోతాంది."

"బలవంతం చెయ్యొద్దు," శిరీష గబుక్కున అడ్డం వచ్చింది. "పూలు రాలేదాకన్నా ఉండనీ."

"ఎన్ని దినాలుంటాయిమే?" మద్దమ్మ అడిగింది.

"రెండు మూడు నెలలు అత్తా. పైకాడ కత్తిరిస్తే మళ్లీ పూస్తుంది."

"అట్లయితే సరే," అని ముసలామె పూల వైపు తిరిగి పడుకుంది.

శిరీష వంటింట్లోకి పోయి, కొంగుతో కళ్లు తుడుచుకుని, నవ్వుకుంటూ పొయ్యి ముట్టించింది.

ఆ కుండీని ఆమె తిప్పలేదు.