జోడెడ్ల పంచనామా

"ఎడ్లను విప్పుండ్రి" అని ఆబ్కారీ దరోగా తన జవాన్లకు చెప్పాడు.

హన్మవ్వ ఎడ్లకు అడ్డంగా వచ్చి నిలబడింది. చేను మూలన కందికట్టె మోపుల చాటున మూడు కుండలు దొరికాయి. మూడింటి నిండా ఇప్పసారా. వాటి పక్కన తుమ్మచెట్టుకు ఆమె ఎడ్లజత కట్టేసి ఉంది.

నిజాం రాజ్యంలో దొంగసారా దొరికితే, దాని దగ్గరున్న కుండ, బండి, గొడ్డు అన్నీ జప్తే. ఎవరు కాచారు, ఎవరు దాచారు అన్నది తరువాతి సంగతి. ఆబ్కారీ వాళ్ల చెయ్యి అంత పొడుగు.

బడిపంతులు రాజేశం ఉండబట్టలేక అడిగాడు. "నేరం రుజువు కాకముందే శిక్షేంది దొరా?"

"శిక్ష మనిషికి పడ్తది పంతులూ. ఇవి సామాను" అన్నాడు దరోగా తాపీగా. "తన తప్పు లేదని ఆమెనే రుజువు చేసుకోవాలె. అందాక సర్కారువి."

రుజువయ్యేదాకా ఎడ్లు ఉంటేగా! ఎనిమిదో నాడు ఎల్లారెడ్డిలో హర్రాజు. నోరులేని జీవాలు ముద్దాయిలైతే ఏ వకీలు మాత్రం ఏం చేస్తాడు? రాజేశం పంతులు వెనక్కి తగ్గాడు.

ఆ ఎడ్లు పోతే హన్మవ్వకు మిగిలేది ఏమీ లేదనే చెప్పాలి. చేను ఉందిగాని, అది ఎవరిదో కామారెడ్డి అదాలతు ఇంకా తేల్చలేదు. మొగుడు ముత్తయ్య బండరాయి పగలగొట్టి బావి తవ్వాడు. నీళ్లు పడ్డ ఏడాదే కన్నుమూశాడు. అంతవరకూ ఆ చేను ముఖం చూడని ఊరి పటేలు గంగారాంకు, బావిలో నీళ్లు చూశాక అది తన చేనని గుర్తొచ్చింది. పట్వారీ దస్త్రంలో పేరు కూడా మారిపోయింది. హన్మవ్వ దగ్గర చిన్న చీటీ ముక్క లేదు. పటేలుకు ఎదురు నిలిచి సాక్ష్యం చెప్పే మనిషి ఊళ్లో లేడు. వచ్చే సోమవారమే ఆఖరి వాయిదా.

"పంచనామా మీద ఊరి పటేలు దస్కతు గావాలె. పిలువుండ్రి" అన్నాడు దరోగా.

హన్మవ్వ ఎడ్ల వైపు చూడలేక బాట వైపు చూస్తూ నిలబడింది. ఎంతసేపటికీ ఎవరూ రాలేదు. పటేలు పక్క ఊరికి పోయాడేమోనని ఎవరో అన్నారు. ఆమె కొంగును పిడికిట్లో నలుపుతూనే ఉంది.

చివరికి పటేలు వచ్చాడు. కుండలు చూశాడు, ఎడ్లు చూశాడు, మీసం దువ్వుకున్నాడు. ఇల్లు కాలి ఒకడు ఏడుస్తుంటే చుట్టకు నిప్పు అడిగే రకం.

"ఈ చేను ఎవలది?" అన్నాడు దరోగా.

పటేలు నోరు తెరిచేలోపే హన్మవ్వ అందుకుంది.

"పటేలుది దొరా. రెండేండ్ల సంది తనదే అంటుండు. దస్త్రంల గూడ ఆయన పేరే ఉన్నది, సూడుండ్రి."

చుట్టూ ఉన్నవాళ్లు విస్తుపోయారు. రెండేళ్లుగా ఆ చేను కోసం కోర్టు మెట్లెక్కిన మనిషి, ఎడ్ల కోసం నోటితోనే వదిలేసుకుంది. పక్కింటి సాలవ్వ నెత్తి కొట్టుకుంది.

దరోగా పటేలు వైపు తిరిగాడు. "అట్లనా? చేను నీదైతే సారా నీదే. నీ కొట్టంల ఎడ్లు, బండ్లు గూడ జప్తు చేస్త. నీ పటేల్‌గిరీ గూడ ఉండది."

పటేలు మీసం మీది చెయ్యి కిందికి జారింది. అడకత్తెరలో పోకచెక్క అయ్యాడు పాపం.

"నాదెట్లయితది దొరా? ఆమె మామ కాలం సంది వాళ్లదే. బావి ఆమె పెనిమిటి తవ్విండు. దున్నేది ఆమె, ఆ ఎడ్లు ఆమెవి."

"రాసిస్తవా?"

"రాసిస్త."

జవాను రాసుకున్నాడు. చేనుకు నాలుగు హద్దులు, బావి, తుమ్మచెట్టు, అన్నీ. సారా కాగితం వేరు, భూమి కాగితం వేరు అనుకున్నాడు పటేలు. ముందు ఈ గండం గట్టెక్కితే చాలు. దస్కతు చేశాడు. దరోగా మొహరు గుద్దాడు. హన్మవ్వ వేలిముద్ర వేసి, నకలు ఇప్పించమని అడిగింది. కాయిదా ప్రకారం ఇచ్చారు. మడిచి కొంగున ముడేసుకుంది.

కాస్తుండగా పట్టుబడలేదు గనక మనిషిని వదిలేసి, ఎడ్లను తోలారు. కర్రెద్దు బాట మీద ఆగి వెనక్కి చూసింది. హన్మవ్వ ఉరికి పోయి దాని మెడ పట్టుకుని, చూసేవాళ్ల కడుపు తరుక్కుపోయేలా ఏడ్చింది.

సోమవారం కామారెడ్డిలో మున్సిఫు ఆ నకలు రెండుసార్లు చదివాడు. ఈ దస్కతు నీదేనా అని పటేలును అడిగాడు. పటేలు తల దించుకుని అవునన్నాడు. చేను హన్మవ్వదని తీర్పు వచ్చింది.

దేవుడే ఆదుకున్నాడని ఊరంతా అనుకుంది. సాలవ్వ మాత్రం, ఆబ్కారీ వాళ్లకు చాడీ చెప్పిన వాడెవడో గాని వాని నోట్ల మన్నువడ అని వారం దినాలు తిట్టింది. హన్మవ్వ ఒక్కమాటా కలపలేదు. అడిగి తెచ్చుకున్న ఎడ్లతో దున్నుకుంటూ, సాలు చివర ఆ తుమ్మచెట్టు దగ్గరికి వచ్చినప్పుడల్లా కళ్లు తుడుచుకునేది.

ఆ కుండలు మోపుల చాటున దాచి, ఎల్లారెడ్డిలో ఉండే తమ్ముడి చేత ఆబ్కారీ వాళ్లకు కబురు పెట్టించి, తన మీద అనుమానం రాకుండా తెల్లారగానే తన ఎడ్లనే తోలుకొచ్చి వాటి పక్కన కట్టేసింది హన్మవ్వే.