ఫస్ట్ గేరు

చక్రాలకి ముందూ వెనకా నిమ్మకాయలు పెట్టడం అయింది. బానెట్‌కి పసుపు కుంకుమ అద్దడం అయింది. కొబ్బరికాయ కూడా కొట్టేశారు. ఇక ఆ ఎర్ర స్పోర్ట్స్ కారు నిమ్మకాయలు తొక్కుకుంటూ షెడ్డులోంచి బయటికి పోవడమే తరువాయి. సరిగ్గా అప్పుడే జోగులు వచ్చి కారు ముందు మఠం వేసుకుని కూర్చున్నాడు.

"నెగు" అన్నాడు షెడ్డు యజమాని సింహాద్రి, పళ్లు బిగించి. "అందరి ముందూ నా పరువు తీసీకు."

"నా జీపు సామాను నాకిచ్చీ. నెగుతాను."

ఇద్దరూ ఒక తల్లి బిడ్డలే. క్లచ్చు బాగుచెయ్యమని తమ్ముడి షెడ్డులో జీపు వదిలి, జోగులు జ్వరంతో మంచమెక్కాడు. లేచి వచ్చి చూస్తే జీపు ఇటుకల మీద కూర్చుని ఉంది. వెనక చక్రాలను తిప్పే డిఫరెన్షియల్, ఆ ఇనప గుండు మొత్తానికి మొత్తం, ఈ కారు కిందికి చేరిపోయింది.

"ఇంకోటి తెచ్చి ఏస్తానని సెప్పేను కదా!"

"ఎప్పుడేస్తావు? కొండ మీద ఊళ్లల్లో ఆడకూతురికి నొప్పులొస్తే నర్సీపట్నం ఆసుపత్రికి దింపేది నా జీపేరా. ఈలోగా ఎవులైనా కబురెడితే ఏటి సెప్పమంటావు? మా తమ్ముడు షావుకారు గారి కారుకి ఏసీసేడని సెప్పమంటావా?"

 తప్పు తనదైనప్పుడు మనిషికి కోపమే కదా వచ్చేది, సింహాద్రికీ అదే వచ్చింది.

కారు యజమాని జగదీశ్వరరావు స్టీరింగు ముందు కూర్చుని గడియారం చూసుకుంటున్నాడు. జీడిపిక్కల వ్యాపారం. లంబసింగి ఘాటు రోడ్డు మీద జోరు చూపించబోయి ఈ కారు పాత డిఫరెన్షియల్ పళ్లు రాలగొట్టుకున్నాడు. జీపుదైతే ఏ కొండకైనా తట్టుకుంటుందని ఆశ పెట్టినవాడు సింహాద్రి.

"ఏంటీ గోల సింహాద్రీ? ఇంతకీ జీపుది దీనికి సరిగ్గా పట్టిందా?"

"పట్టకేటి బాబూ! మామూలుగా పెడితే కూకోలేదు. నానొగ్గుతానా? తిరగేసి బిగించేను. దీంతోనే పుట్టినట్టు కూకుంది."

"నడిపి చూశావా మరి?"

"ఎలా నడుపుతాడ్రా?" జగదీశ్వరరావు తల్లి తలుపులమ్మ హారతి పళ్లెంతో పక్కనుంచి అందుకుంది. "పూజ కాకుండా చక్రం తిరక్కూడదని నేనే చెప్పాను. నిమ్మకాయ తొక్కాకే తిరగాలి. అయినా శుభమా అని బండి కదిలేటప్పుడు ఎదురుగా ఈ ఏడుపు మొహమేంటి? ముహూర్తం దాటిపోతోంది."

"ఇన్నావా? నెగు" అన్నాడు సింహాద్రి.

జోగులు కదల్లేదు.

"నెగకపోతే ఇయ్యాల్నుంచి నువ్వు నాకు అన్నవి కావు. డొక్కు జీపు తోలుకునే డ్రైవరువి. అంతే."

జ్వరం పడి లేచిన జోగులు మొహం ఇంకా పాలిపోయింది.  కళ్లలో నీళ్లు తిరిగితే మోచేత్తో తుడుచుకున్నాడు.

"అలాగైతే నా మీంచే పోనీమను" అన్నాడు.

సింహాద్రి కారు కిటికీలోకి వంగాడు. "బాబూ, ఫస్ట్ గేరేసి గట్టిగా తొక్కండి. మూరెడు ముందుకొస్తే సాలు, తనే దూకి పారిపోతాడు."

"మనిషయ్యా బాబూ! ఏమైనా అయితే?"

"ఏటీ అవదు. మా అన్న పిరికోడు. నాకు తెలీదా మా అన్న కత!"

ఇప్పుడే కాదన్న అన్న, బెదిరించడానికి మళ్లీ అన్న అయ్యాడు. జనం కారు ఎదురునుంచి తప్పుకుని పక్కలకి జరిగారు. అడ్డంగా కూర్చున్నవాడికి ఏమవుతుందో చూడాలని ఒక్కరి చూపూ అతని మీదనుంచి మళ్లలేదు. లాగి పక్కన పెడదామని మాత్రం ఒక్కరికీ తోచలేదు.

తన చేతిలో బాగుపడిన బండిని డిక్కీ మీద చరిచి సాగనంపడం సింహాద్రికి అలవాటు. కారుకీ షెడ్డు వెనక గోడకీ మధ్య ఉన్న సందులోకి దూరాడు. డిక్కీ మీద గట్టిగా చరిచాడు.

"రైట్! పోనీండి బాబూ!"

ఇంజను గర్జించింది. జోగులు కళ్లు మూసుకున్నాడే తప్ప లేవలేదు. నిమ్మకాయలు టప్పుమని చిట్లాయి. ఒక పెద్ద కేక వినిపించింది. అది తన కేక కాదని జోగులుకి అర్థం కావడానికి కొంచెం సేపు పట్టింది.

కళ్లు తెరిచాడు. మీదికి రావలసిన కారు దూరంగా జరిగిపోయి ఉంది. తిరగేసి బిగించిన గుండు చక్రాలను కూడా తిరగేసే తిప్పింది. ముందుకి గేరు వేస్తే కారు వెనక్కి దూకింది. డిక్కీకీ గోడకీ మధ్య సింహాద్రి నడుం దాకా నలిగిపోయి ఉన్నాడు.

జోగులు పడుతూ లేస్తూ పరిగెత్తాడు. జనంతో కలిసి కారుని ముందుకి నెట్టి, కూలిపోతున్న తమ్ముణ్ణి ఒళ్లోకి తీసుకున్నాడు. సింహాద్రి నెత్తుటి చేత్తో అతని చొక్కా పట్టుకున్నాడు.

"అన్నియ్యా... ఆసుపత్రికి... బేగి జీపు తియ్యి."