కోత తేదీ

"కోత ఎప్పుడో చెప్పలేనివాడు రైతెలా అయ్యాడండీ?" అని నవ్వాడు ఉదయ్‌కిరణ్. ఫ్రాన్సులో నది ఒడ్డు ద్రాక్షతోటల కోసం జురాంగ్ ఈస్ట్ ఆఫీసులో రాస్తున్న సాఫ్ట్‌వేరుకి అతనే లీడు. మధ్యాహ్నం భోజనానికి నడుస్తూ కూడా ఆ రైతు మెయిలు మీదే ఉంది అతని వెటకారం.

"వానలు పడ్డయి, పండు తిని చూసి చెప్తా అంటున్నడు సార్," అంది తబస్సుమ్. కొంపల్లిలో వాళ్ళ తాతకీ ద్రాక్షతోట ఉండేది. "సోమవారమే కోత అని మన సిస్టమ్ ఈ సాయంత్రం కూలీలకు మెసేజీ పంపుతది. పుల్లటి కాయ కోస్తే ఆయన ఏడాది పంట పాయె. తేదీ మారకుండా పెట్టిన లాక్ తీద్దాం."

"జనవరిలో మన సిస్టమ్ ఇచ్చిన తేదీ అది. మట్టి పిసుక్కునేవాళ్ళకి డేటా అంటే ఏం తెలుసు?"

పళ్ళకొట్టు దగ్గర ఆగి, ద్రాక్షపండొకటి నోట్లో వేసుకుని మొహం చిట్లించాడు. "ఈ పెట్టె వద్దు ఆంటీ," అన్నాడు కొట్టామెతో.

"పెట్టె మీద తేదీ మంచిగనే ఉన్నది గద సార్?" అంది తబస్సుమ్.

"తేదీ చూస్తే ఏం తెలుస్తుంది? తింటేగా తెలిసేది."

అనేసి, నమలడం ఆపాడు. తబస్సుమ్ తోటలో పనిదొంగను చూసినట్టు చూస్తూ నిలబడింది.

"లాక్ తీసెయ్యండి," అన్నాడు చివరికి.

"సిస్టమ్ కారణం అడుగుతది. ఏం రాయాలె?"

అతను గింజని అరచేతిలోకి ఉమ్మాడు.

"పులుపని రాయండి."