పక్క గుంట

"హిస్టరీ బీఏకి రొయ్యల కంపెనీలో ఇంటర్న్‌షిప్పేందమ్మా?" అని తొలిరోజు నవ్విన మేనేజర్ ఫ్రెడ్డీ, ఇప్పుడు నిషాత్ తెచ్చిన సర్వే కాగితాలు రెండుసార్లు తిరగేసినాడు.

"ఏ రైతూ తన గుంటలో రొయ్యలు బాగున్నాయని చెప్పడు. దిష్టి తగులుతుందని భయం. మావాళ్లు ఎప్పుడడిగినా 'అంతా పోయింది సార్' అంటారు. నీకెట్టా చెప్పినారు?"

"వాళ్ల గుంట గురించి నేను అడగలేదు సార్. పక్కోడి గుంట ఎట్టుందని అడిగినా. టీ పోసి మరీ చెప్పినారు."

"ఇది కాలేజీలో నేర్పించినారా?"

"ఏ రాజు సంగతైనా ఆ రాజు శాసనంలో కాదు, పక్క రాజు శాసనంలో చదవమన్నారు సార్."

ఫ్రెడ్డీ కుర్చీ ముందుకు జరిపినాడు. "డిగ్రీ అవగానే ఇక్కడే చేరిపో. మాది మంచి కంపెనీ."

నిషాత్ బ్యాగు భుజానేసుకుంది.

"పక్క కంపెనీలో అడిగొచ్చి చెప్తా సార్."