‘శబ్దం’ గడి

మడికొండ ఆఫీసులో ఆ రాత్రి సుహాసిని ఒక్కతే మిగిలింది. కంప్యూటర్ సర్వర్ కోసం తెప్పించిన నడుమెత్తు క్యాబినెట్ పనికొస్తుందో లేదో తెల్లారేసరికి రిపోర్టు రాయాలి. ఉద్యోగం పర్మినెంటయ్యేది దానితోనే. డిస్కులకు చోటుంది, గాలి బాగా ఆడుతుంది. ఇక రిపోర్టులో ‘శబ్దం’ అన్న గడి ఒక్కటే నింపడానికి మిగిలింది.

అంతలో, కరెంటే ఇవ్వని ఆ ఖాళీ క్యాబినెట్‌లో టకటకమని మగ్గం ఆడిన చప్పుడైంది.

ఒళ్లు జల్లుమంది. క్యాబినెట్ పక్క తలుపు తీస్తే, వెలుతురు కోసం లోపల పెట్టిన తన ఫోనే! ఇంటి దగ్గర మగ్గం నేసే తండ్రి సదానందంతో మాట్లాడి కాల్ కట్ చేయడం మరిచింది. పోయిన ప్రాణం లేచొచ్చినట్టయి పకపకా నవ్వింది.

“పానం పోయిందనుకున్న బాపూ! ఇంత రాత్రి మగ్గం నేస్తానవా?”

“మగ్గమా? పొద్దుగూకంగనే ఆపిన బిడ్డా. ఒక్కదానివే ఉన్నవని ఫోన్ పెట్టలే. సప్పుడు నీ దిక్కే అయితాంది గద!”

సుహాసిని ఫోన్ బయటికి తీసింది. చప్పుడు లోపలే ఉండిపోయింది.

“జర లైన్లనే ఉండు బాపూ,” అంటూ రిపోర్టులో ఇంకా ఖాళీగా ఉన్న ‘శబ్దం’ గడి వైపు చూసింది.