దొడ్లో దగ్గు

స్వైన్ ఫ్లూ వచ్చిన ఏడాది, హౌరాలో సఫాయివాళ్ల క్వార్టర్ల వెనక మరియదాసు పెంచుకునే పందుల ముక్కుల్లో డాక్టరమ్మ పరీక్షకని దూదిపుల్లలు పెట్టింది. ఆ తరవాత అతని ముక్కులోనూ, జ్వరంతో మూలుగుతున్న భార్య అప్పాయమ్మ ముక్కులోనూ పెట్టింది.

"వాటి నుంచి మీకే కాదు దాదా, మీ నుంచి వాటికీ రావచ్చు. రెండు వైపులా చూడాలి," అంది హిందీలో.

సాయంత్రానికి అప్పాయమ్మను ఆస్పత్రి బండిలో తీసుకుపోయారు. ఇంట్లో ఇంకెవరూ లేరు. మరియదాసు చల్లారిన అన్నం తిని గుమ్మంలో కూర్చున్నాడు. ఏడుపు రాలేదు. నిద్రా రాలేదు.

బాగా చీకటిపడ్డాక దగ్గు వినిపించింది. రెండు పొడి దగ్గులు, వెనకే చిన్న మూలుగు. పెళ్లయిన నాటి నుంచీ పక్కలో వింటున్న దగ్గే. అలవాటుకొద్దీ నోరు దానంతటదే అనేసింది.

"నీల్లు కావాలేటే?"

దగ్గు ఆగింది.

అది ఇంట్లోంచి రాలేదని అప్పుడు తట్టింది. దొడ్లోంచి వచ్చింది.

అయినా అతను చెంబుతో నీళ్లు ముంచుకుని దొడ్లోకి నడిచాడు. పందులన్నీ పడుకున్నాయి. ముసలి ఆడపంది ఒక్కటే గోడవైపు మొహం పెట్టి నిలబడి ఉంది. పగలు దూదిపుల్లను చూసి అప్పాయమ్మ కూడా అలాగే గోడవైపు తిరిగింది.

"ఇదుగో, తాగే," అన్నాడు మెల్లగా.

పంది తల తిప్పింది. అతన్ని కాదు, అతని వెనక తెరిచి ఉన్న ఇంటి తలుపును చూసింది.

లోపల అప్పాయమ్మ మంచం కిర్రుమంది. ముట్టెతో దుప్పటిని కుమ్ముతూ ఎవరో గుర్రుమన్నారు.